పోస్టు డబ్బా మీద ఇద్దరి పేర్లు
(ఉద్యోగాల మీద జర్మనీ వెళ్తున్న దంపతుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కాస్త సమయం పట్టే విషయమే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. అంకెలు చెప్తాను, రాసుకుంటే మంచిది.

మీలో చాలామందికి పరిస్థితి ఒకేలా ఉంది. ఇద్దరిలో ఒకరికి జర్మనీలో ఉద్యోగం ఖాయమైంది. రెండోవాళ్లు ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేసి వెంట వెళ్తున్నారు, అక్కడికెళ్లాక వెతుక్కుందామని. ఆ రెండో మనిషి ఎక్కువగా భార్యే అవుతోంది, భర్తలు కూడా ఉన్నారు. నేను భార్య అన్నచోటల్లా ఆ రెండో మనిషి అని అర్థం చేసుకోండి.

ముందుగా ఒక చిన్న వస్తువు గురించి చెప్తాను. పోస్టు డబ్బా. జర్మనీలో చాలా ఊళ్లలో అపార్ట్‌మెంట్లకు ఫ్లాట్ నంబర్లు ఉండవు. చిరునామా అంటే వీధి, బిల్డింగ్ నంబరు, ఐదంకెల పిన్‌కోడు, ఊరు, అంతే. కింద గుమ్మం దగ్గర వరసగా ఇనప డబ్బాలుంటాయి. ఒక్కో డబ్బాకి వేలెడు పొడుగు ప్లాస్టిక్ పట్టీ, దాని వెనక చిన్న కాగితం, కాగితం మీద ఇంటిపేరు. పోస్ట్‌మ్యాన్ ఆ కాగితం చూసి ఉత్తరం వేస్తాడు. మనవాళ్లు ఇల్లు దిగిన రోజు భర్త ఇంటిపేరు ఒక్కటే రాసి అంటిస్తారు. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. ఆమె పేరున వచ్చిన ఉత్తరం, ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరని, వెనక్కి పోతుంది. అందులో ఉండేవి పెళ్లి శుభలేఖలు కావు. పన్ను నంబరు, బ్యాంకు కార్డు పిన్, ఆరోగ్య బీమా కార్డు, వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్ తేదీ. ఆ దేశంలో ముఖ్యమైన కాగితాలు ఇప్పటికీ చాలావరకు పోస్టులోనే వస్తాయి.

అందుకే మొదటి రోజే ఆ పట్టీలో ఇద్దరి ఇంటిపేర్లూ రాయండి, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే. కాలింగ్ బెల్ మీద కూడా. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ప్రతి కాగితంలోనూ, ప్రతి హక్కులోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి.

బయల్దేరే ముందు ఇక్కడ చేసుకోవాల్సిన పని పేర్లతోనే మొదలవుతుంది. మన పేర్లు మనకు తేలికే. వాళ్ల ఫారంలో మాత్రం రెండే గళ్లు: ఇంటిపేరు ఒకటి, ఇచ్చిన పేరు ఒకటి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో పొట్టి అక్షరమై కూర్చుంటుంది, డిగ్రీ పట్టాలో చివరికి పోతుంది, పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే అక్కడి ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాసుకుంటుంది. బ్యాంకులో ఒక పేరు, బీమాలో ఒక పేరు, ఇంటి అగ్రిమెంటులో ఇంకో పేరు. తర్వాత ఇవన్నీ ఒకే మనిషివని నిరూపించడానికి తిప్పలు పడాలి. వీసాకి దరఖాస్తు చేసేముందే పాస్‌పోర్టులో రెండు గళ్లూ నింపించుకోండి. భార్య ఇంటిపేరు మార్చాల్సిన అవసరం లేదు. పాస్‌పోర్టులో భాగస్వామి పేరు ఉంటే చాలు. పెళ్లికాగానే హడావిడిగా ఇంటిపేరు మార్చి, డిగ్రీ పట్టా పాత పేరుతో మిగిలిపోతే, ఆమె సొంతంగా ఉద్యోగ వీసా అడిగే రోజున అదే అడ్డు తగులుతుంది.

పెళ్లి రిజిస్ట్రేషన్ సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టంతోనే వివాహ నమోదు తప్పనిసరైంది. అయినా గుళ్లో పెళ్లి చేసుకుని, ఫోటోలు భద్రంగా దాచి, సర్టిఫికెట్ మాత్రం వీసా రోజున వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి శుభలేఖ, పెళ్లి ఫోటోలు, వయసు, చిరునామా రుజువులు, సాక్షులతో వెళ్లండి. సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి ప్రతి అక్షరం పాస్‌పోర్టుతో పోల్చి చూడండి. దిద్దించడం ఆ రోజైతే తేలిక, జర్మనీ నుంచి అంటే నెలల పని.

పుట్టిన తేదీ సర్టిఫికెట్ కూడా ఇప్పుడే తీసుకోండి, ఇద్దరిదీ. మన తరంలో చాలామంది జనన రిజిస్టర్లో బిడ్డ పేరు ఉండదు. అమ్మ పేరు, నాన్న పేరు, ఆడ లేదా మగ, అంతే. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించుకోండి. ఎందుకంటే రేపు అక్కడ మీకు బిడ్డ పుడితే, జననం నమోదు చేసే ష్టాండెస్‌ఆమ్ట్ అనే ఆఫీసు తల్లిదండ్రుల జనన పత్రాలు, పెళ్లి పత్రం అడుగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఢిల్లీలో అపోస్టిల్, అంటే పత్రం అసలైనదేనని విదేశాల కోసం వేసే ముద్ర, వేయించుకుంటే ప్రపంచమంతా చెల్లుతుందనుకుంటారు. ఆ ముద్రకి ఆధారమైన హేగ్ ఒప్పందంలో భారత్ చేరడానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్‌కి అక్కడ విలువ లేదు. వాళ్లకు అనుమానమొస్తే ఇక్కడున్న తమ రాయబార కార్యాలయం ద్వారా పత్రాన్ని విచారణ చేయిస్తారు. దానికి ఖర్చు మీదే, నెలలు పడుతుంది. పేర్లు, తేదీలు ఒకదానితో ఒకటి సరిపోతే ఆ విచారణ సాఫీగా పోతుంది.

ఇక వీసా. ఉద్యోగం వచ్చినవాళ్లకి ఎక్కువగా ఈయూ బ్లూ కార్డ్ వస్తుంది, అంటే డిగ్రీ, తగిన జీతం ఉన్నవాళ్లకిచ్చే నివాస, పని అనుమతి. 2025లో దానికి కావాల్సిన కనీస వార్షిక జీతం 48,300 యూరోలు. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం లాంటి కొరత ఉన్న వృత్తుల్లోను, కొత్తగా డిగ్రీ అయినవాళ్లకీ 43,759.80. ప్రతి జనవరిలో ఇది మారుతుంది, కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేరోజు ఆ ఏడాది అంకె చూసుకోండి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భాగస్వామికి జర్మన్ భాష పరీక్ష ముందుగా అక్కర్లేదు. దిగిన రోజు నుంచి ఏ ఉద్యోగమైనా చేయొచ్చు. ఆమె నివాస కార్డు మీదగానీ, దాంతో ఇచ్చే ఆకుపచ్చ మడత కాగితం మీదగానీ ‘ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్ ఎర్లౌబ్ట్’ అని ఉంటుంది. పని చేసుకోవడానికి అనుమతి ఉందని అర్థం. కార్డు తీసుకునేటప్పుడు ఆ రెండు మాటలు ఉన్నాయో లేదో చూడకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.

ఇల్లు. పెద్ద నగరాల్లో ఇల్లు దొరకడమే కష్టం, ఆ కష్టంలోనే మోసాలు జరుగుతాయి. యజమాని విదేశంలో ఉన్నాడని, డిపాజిట్ పంపితే తాళం కొరియర్ చేస్తాడని మెయిల్ వస్తే అది మోసమే. ఇల్లు కళ్లారా చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. డిపాజిట్‌ని కౌత్సియోన్ అంటారు. చట్టం ప్రకారం అది హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దెకి మూడు రెట్లు మించకూడదు. మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు. అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించండి. అద్దె బాధ్యత ఇద్దరి మీదా పడుతుంది నిజమే, కానీ ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఇద్దరికీ వస్తుంది.

ఇల్లు చేరిన 2 వారాల్లోపు ఊరి ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి, అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్ అనువాదంతో, ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. అద్దె అగ్రిమెంటు ఈ పత్రానికి బదులు పనికిరాదు. చాలామంది ఇక్కడే వెనక్కి తిరిగొస్తారు. ఆ ఫారంలో మతం గడి ఉంటుంది. మన క్రైస్తవ సోదరులు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. క్యాథలిక్ అనో, ప్రొటెస్టెంట్ అనో రాస్తే, మీరు కట్టే ఆదాయపన్ను మీద 8 లేక 9 శాతం చర్చి పన్ను జీతంలోంచే పోతుంది. అది మీ ఇష్టం, మీ విశ్వాసం. కాకపోతే తెలిసి రాయండి, ఏదో గడి కదా అని నింపొద్దు.

నమోదైన కొన్ని వారాలకి 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది, ఇద్దరికీ వేర్వేరు కవర్లలో. మళ్లీ పోస్టు డబ్బా. అక్కడ జీతంలో పన్ను కోతకి ఆరు తరగతులున్నాయి. ఆ నంబరు ఇవ్వకపోతే కంపెనీ ఆరో తరగతి కింద పన్ను కోస్తుంది, అన్నిటికంటే ఎక్కువ కోత అదే. తర్వాత తిరిగొస్తుంది గానీ, కొత్త కాపురంలో మొదటి జీతం సగానికి దగ్గరగా తగ్గితే ఇబ్బందే.

పన్ను తరగతుల గురించి కాస్త నిదానంగా చెప్తాను. దంపతుల మధ్య చీకాకులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. భార్య ఇంకా ఇండియాలో ఉంటే, పెళ్లయినా భర్తకి ఒకటో తరగతే, బ్రహ్మచారిలాగా. ఆమె వచ్చి నమోదు చేసుకున్నాక ఇద్దరికీ నాలుగో తరగతి వస్తుంది. కావాలంటే ఒకరు మూడు, ఒకరు ఐదు తీసుకోవచ్చు. జర్మనీలో ప్రతి మనిషికీ పన్నులేని మొత్తం ఒకటుంది, 2025లో 12,096 యూరోలు. మూడు-ఐదు తీసుకుంటే ఇద్దరి మొత్తాలూ మూడో తరగతి మనిషి జీతానికే తగిలిస్తారు. ఐదో తరగతి మనిషికి ఏమీ మిగలదు, మొదటి నుంచే పన్ను పడుతుంది. భర్త పేస్లిప్ కళకళలాడుతుంది, భార్యది వెలవెలబోతుంది. ఏడాది చివర ఇద్దరూ కలిసి రిటర్ను వేస్తే పన్ను లెక్క ఏ తరగతులైనా ఒకటే వస్తుంది. అంటే నెలనెలా చేతికొచ్చేది మారుతుంది తప్ప ఏడాది పన్ను మారదు.

మరి ఏం తేడా అని మీరడగొచ్చు. తేడా ఇక్కడుంది. ఉద్యోగం పోతే ఇచ్చే భృతి నికర జీతంలో 60 శాతం, బిడ్డ ఉంటే 67 శాతం. ప్రసవం తర్వాత వచ్చే ఎల్టర్న్‌గెల్డ్ నికర జీతంలో సుమారు 65 శాతం, నెలకి 300 నుంచి 1,800 యూరోల మధ్య. రెండూ నికర జీతం మీదే. ఐదో తరగతిలో ఉన్న భార్య నికర జీతం కాగితం మీద చిన్నది కాబట్టి ఆమెకొచ్చే సాయం కూడా చిన్నదే. ఆ తేడా రిటర్నులో తిరిగి రాదు.

బిడ్డ గురించి ఆలోచిస్తున్న దంపతులు ఈ లెక్క రాసుకోండి. ప్రసూతి సెలవు కాన్పు తేదీకి 6 వారాల ముందు మొదలవుతుంది. ఎల్టర్న్‌గెల్డ్ లెక్కకి, ఆ సెలవు మొదలైన నెలకి ముందరి 12 నెలల జీతం చూస్తారు. మంచి తరగతి అందులో కనీసం 7 నెలలు ఉండాలని పెట్టుకోండి. తరగతి మార్పు దరఖాస్తు పెట్టిన మరుసటి నెల నుంచి అమల్లోకి వస్తుంది. ఇప్పుడు వారాలు లెక్కేయండి. 8వ వారంలో విషయం తెలిసింది, 34వ వారంలో సెలవు మొదలు. మధ్యలో 26 వారాలు, అంటే 6 నెలలు. తెలిసిన రోజే దరఖాస్తు పెట్టినా సమయం చాలదు. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే మార్చుకోవాలి. భార్య మూడులోకి రావడమో, ఇద్దరూ నాలుగులో ఉండడమో మీ జీతాలను బట్టి తేల్చుకోండి. ఇద్దరి జీతాలూ దగ్గరగా ఉంటే నాలుగు-నాలుగు కంటే న్యాయమైనది లేదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో మాట. భార్య డిసెంబరులో వచ్చినా జనవరిలో వచ్చినా ఒకటే కదా అనుకోకండి. ఆ ఏడాదిలో ఒక్క రోజైనా ఇద్దరూ జర్మనీలో కాపురమున్నట్టు నమోదైతే, ఆ ఏడాది మొత్తానికీ ఉమ్మడి రిటర్ను వేసుకునే హక్కు వస్తుంది. ఆమె ఇండియాలో సంపాదించింది రేటు నిర్ణయించడానికి లెక్కలోకి వస్తుంది, అయినా ఎక్కువమందికి లాభమే. వీసా చేతిలో ఉండి టికెట్ తేదీ మీ ఇష్టమైతే, కొత్త సంవత్సరానికి ముందే ప్రయాణం పెట్టుకోండి.

ఆరోగ్య బీమా మాట క్లుప్తంగా. ప్రభుత్వ పద్ధతి బీమాలో ఉంటే, ఆదాయం లేని భార్యకి, పిల్లలకి ఉచితంగా వర్తిస్తుంది. ప్రైవేటు బీమా వయసులో ఉన్న ఒంటరి మనిషికి చవగ్గా కనబడుతుంది, ఏజెంట్లు అదే చూపిస్తారు. అందులో ప్రతి మనిషికీ విడిగా కట్టాలి. పైగా మళ్లీ ప్రభుత్వ బీమాకి రావడం కష్టం. కాపురం పెట్టబోయేవాళ్లు తొందరపడొద్దు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. భార్య కార్డు భర్త కార్డు మీద ఆధారపడి ఉంటుంది. అతని ఉద్యోగం పోతే ఆమె అనుమతికీ చిక్కే. విడిపోవాల్సి వస్తే, జర్మనీలో 3 ఏళ్లు కలిసి కాపురమున్నాకే ఆమెకి సొంతంగా ఉండే హక్కు వస్తుంది. గృహహింస లాంటి కఠిన పరిస్థితుల్లో ఆ 3 ఏళ్లు నిండకపోయినా చట్టం కాపాడుతుంది. ఈ మాట ఆడపిల్లలందరికీ తెలియాలి. వెళ్తే వీసా పోతుందేమోనన్న భయంతో దెబ్బలు భరించాల్సిన పని లేదు.

ఆమెకి తగిన జీతంతో ఉద్యోగం దొరికిందంటే, డిపెండెంట్ కార్డు మీదే పని చేస్తూ ఉండిపోవడం మనవాళ్లకి అలవాటు. పని చేయడానికి అనుమతి ఉంది కదా, మళ్లీ ఫీజెందుకని. నేనైతే ఆమె పేరున బ్లూ కార్డ్ తీసుకోమంటాను. ఇద్దరికీ సొంత కార్డులుంటే, భర్త ఉద్యోగం పోయినప్పుడు అతను భార్య మీద ఆధారపడే కార్డుకి మారొచ్చు. కాపురం అక్కడే నిలబడుతుంది, పిల్లల బడి మారదు. బ్లూ కార్డ్ మీద 27 నెలలు పింఛను చందాలు కట్టి, ఏ1 స్థాయి జర్మన్, అంటే భాషలో మొదటి మెట్టు, వస్తే శాశ్వత నివాసం అడగొచ్చు. మధ్య స్థాయి అయిన బీ1 వస్తే 21 నెలలకే. అందుకని భాష నేర్చుకోవడం ఇద్దరిలో ఒకరి పని కాదు. సాయంత్రం క్లాసులో ఇద్దరూ చేరండి.

ఉద్యోగం పోయినప్పుడు చేయాల్సినవి రెండు. ఉద్యోగం ముగిసే తేదీకి 3 నెలల ముందే ఉపాధి కార్యాలయంలో నమోదు కావాలి. అంత సమయం లేకపోతే తెలిసిన 3 రోజుల్లోపు. వీసా ఆఫీసుకి 2 వారాల్లో తెలపాలి. దాచిపెడితే తర్వాత రెన్యువల్‌లో బయటపడుతుంది. బ్లూ కార్డ్ మీద మొదటి 12 నెలల్లో కంపెనీ మారినా ఆ ఆఫీసుకి చెప్పాలి.

ఇక తిరగడం. దానికోసమే చాలామంది ఎదురుచూస్తుంటారు, చూడాల్సిందే కూడా. జర్మనీ కార్డుతో మిగతా షెంగెన్ దేశాలన్నిటికీ, అంటే ఒకే వీసా చెల్లే యూరోప్ దేశాల కూటమికి, విడిగా వీసా లేకుండా వెళ్లొచ్చు. పారిస్, రోమ్, ప్రాగ్, ఆమ్‌స్టర్‌డామ్. 2023 నుంచి క్రొయేషియా, 2025 జనవరి నుంచి రుమేనియా, బల్గేరియా పూర్తిగా కలిశాయి. ఐర్లాండ్, బ్రిటన్ అందులో లేవు, వాటికి విడిగా వీసా కావాలి. కార్డు ఒక్కటే జేబులో వేసుకుని బయల్దేరకండి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. రైల్లో సరిహద్దు దాటేటప్పుడు పోలీసులు ఎక్కి రెండూ అడుగుతారు.

జర్మనీ కాక మిగతా షెంగెన్ దేశాల్లో గడిపే రోజులకి లెక్క ఉంది. ఏ రోజు నిలబడి వెనక్కి చూసినా, గడిచిన 180 రోజుల్లో 90 మించకూడదు. జర్మనీలో ఉన్న రోజులు ఇందులోకి రావు. శని, ఆదివారాలు తిరిగేవాళ్లకి ఇదెప్పుడూ తగలదు. తగిలేది ల్యాప్‌టాప్ పట్టుకుని చలికాలమంతా స్పెయిన్‌లో కూర్చుందామనుకునేవాళ్లకి. అక్కడ రోజుల లెక్క కంటే పెద్ద సమస్య ఇంకొకటి. జర్మన్ కార్డు ఆ దేశంలో తిరగనిస్తుంది గానీ పని చేయనివ్వదు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా, పన్ను, సామాజిక బీమా సంగతి తేలకుండా ఇంకో దేశంలోంచి పని చేయొద్దు. ఇండియాకి వచ్చి అమ్మావాళ్లింటి నుంచి రెండు నెలలు పని చేద్దామన్నా అదే మాట.

ఇండియాకి ఎక్కువకాలం వచ్చేవాళ్లకి, ముఖ్యంగా కాన్పుకి వచ్చే ఆడవాళ్లకి ఒక జాగ్రత్త. మామూలు నివాస అనుమతి ఉన్నవాళ్లు 6 నెలలకి మించి జర్మనీ బయట ఉంటే అది రద్దయిపోతుంది. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకి, వాళ్ల కుటుంబసభ్యులకి 12 నెలలు గడువు. అది కార్డు మీద రాసుండదు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

కార్డు గడువు అయిపోతున్నప్పుడు సెలవు పెట్టుకోవడమే ఎక్కువమంది చేసే తప్పు. కొత్త కార్డు బెర్లిన్‌లో అచ్చవుతుంది, ఒక్క అచ్చుకే 4 నుంచి 6 వారాలు. దానికి ముందు అపాయింట్‌మెంట్ దొరకాలి. గడువుకి 3 నెలల ముందే దరఖాస్తు పెట్టండి. ఈలోపు ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. దాని లోపలి పేజీలో గళ్లుంటాయి. నివాస చట్టం 81వ సెక్షన్ 4వ పేరా గడిలో టిక్కు ఉంటే పాత కార్డుతో కలిపి చూపించి వెళ్లి రావచ్చు. 3వ పేరా గడిలో ఉంటే వెళ్లగలరు గానీ ఆ కాగితంతో తిరిగి రాలేరు. టిక్కు ఎక్కడుందో చూడకుండా టికెట్ కొనొద్దు. సరైన గడే అయినా, మధ్యలో ఇంకో దేశంలో దిగకుండా నేరుగా జర్మనీకి వచ్చే విమానం ఎక్కడం మేలు. మన ఎయిర్‌పోర్టుల్లో చెక్-ఇన్ సిబ్బందికి ఆ కాగితం అలవాటు ఉండదు, కాస్త ముందుగా వెళ్లండి.

పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే నివాస కార్డు కూడా మార్పించుకోవాలి. అది అయ్యేదాకా పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు రెండూ వెంట ఉండాలి. మన కాన్సులేట్లు మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్‌లో ఉన్నాయి, బెర్లిన్‌లో రాయబార కార్యాలయం. పిల్లల పాస్‌పోర్టుకి 5 ఏళ్లే గడువని మర్చిపోకండి.

రైళ్ల సంగతి తేలికే. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ 2023లో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. వేగంగా వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లకి చెల్లదు. ఆ టికెట్ ఒక్కో మనిషికి ఒక్కోటి, మీది మీ ఆవిడకి ఇవ్వడానికి లేదు. మామూలు టికెట్‌తో వెళ్లిన రైలు గంట ఆలస్యమైతే 25 శాతం, 2 గంటలైతే 50 శాతం డబ్బు అడిగి తీసుకోవచ్చు. కారు విషయానికొస్తే, మన లైసెన్సు అక్కడ కాపురం పెట్టిన 6 నెలల వరకే. తర్వాత రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాలి. రాతపరీక్ష ఇంగ్లీషులో ఉంది, తెలుగులో లేదు.

అమ్మానాన్నలని పిలిపించుకోవడం. చూడడానికి వచ్చే వీసా 90 రోజులు. 90 రోజులంటే మూడు నెలలు కాదు. మే 1న దిగినవాళ్లు జూలై 31న బయల్దేరితే 92 రోజులవుతుంది. దిగిన రోజు, ఎక్కిన రోజు కూడా లెక్కే. జూలై 29 ఆఖరి రోజు. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలతో కంప్యూటర్ లెక్క మొదలైంది, ముద్ర సరిగ్గా పడలేదని తప్పించుకునే రోజులు పోయాయి. వీసా ఫీజు 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. నాన్నగారికి బీపీ, షుగరు ఉంటే ఆ బీమా పాత జబ్బులకి వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూడండి, చాలావాటిలో వర్తించదు. మందులు వాడుకకి సరిపడా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి. ఖర్చులు మేమే భరిస్తామని మీరు వీసా ఆఫీసులో ఇచ్చే హామీ పత్రానికి 29 యూరోలు. ఆ హామీకి చట్టబద్ధత ఉంది, ఆసుపత్రి బిల్లొస్తే మీ దగ్గరే వసూలు చేస్తారు. అత్తమామలైనా, అమ్మానాన్నలైనా ఒకటే పద్ధతి. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నిపుణుల అనుమతి పొందినవాళ్లు తల్లిదండ్రులని స్థిరంగా తీసుకురావడానికి కూడా ఒక దారి తెరిచారు. పెద్ద వయసువాళ్లకి అక్కడ ఆరోగ్య బీమా దొరకడమే అందులో కష్టం.

వాళ్లు తెచ్చే సంచుల గురించి చెప్పకుండా ఎలా? ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి నిక్షేపంగా తేవచ్చు. నెయ్యి, పాలు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకూడదు, యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరదు. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డ్యూరియన్ ఈ ఐదింటికే మినహాయింపు. కొబ్బరికాయ పెట్టుకోండి, బంగినపల్లి మాత్రం తినేసి బయల్దేరమనండి.

ఇండియాలో మిగిలిన లెక్కలు. విదేశంలో ఉద్యోగానికి వెళ్లగానే మామూలు పొదుపు ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ప్రవాసులకుండే ఖాతాగా మార్పించుకోవాలి, ఇద్దరివీ. విదేశీ సంపాదన వేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఎక్కడా లేదనుకుంటారు. జర్మనీలో నివాసమున్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ చూపాలి. వడ్డీ, డివిడెండ్లకి మనిషికి 1,000 యూరోలు, దంపతులకి 2,000 వరకే మినహాయింపు. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఊళ్లో స్థలం అమ్మడానికో, రిజిస్ట్రేషన్‌కో నాన్నగారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాల్సొస్తే, కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. బీరువాలో పెట్టి మర్చిపోతే అవసరమైన రోజున చెల్లదు.

ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వచ్చేవాళ్లుంటారు. ఇంటికి 3 నెలల నోటీసు, అదీ నెల మూడో పనిదినంలోపు రాతలో చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. బయల్దేరే తేదీకి వారం ముందు నుంచి, వెళ్లాక 2 వారాల్లోపు ఊరి ఆఫీసులో పేరు తీయించుకోవాలి. అప్పుడిచ్చే కాగితం జాగ్రత్త, బీమా, ఇంటర్నెట్ మాన్పించడానికి అదే ఆధారం. పింఛను చందా 60 నెలలు నిండితే వయసొచ్చాక పింఛను హక్కు ఉంటుంది. నిండకపోతే, యూరోప్ వదిలిన 24 నెలల తర్వాత మీరు కట్టిన వాటా తిరిగి అడగొచ్చు, కంపెనీ వాటా రాదు. ఇద్దరికీ వేర్వేరు పింఛను నంబర్లు, వేర్వేరు దరఖాస్తులు. రెండేళ్ల తర్వాత ఆ ఉత్తరాలు ఇండియా చిరునామాకి వస్తాయి. అక్కడ గుమ్మం మీద మామగారి పేరో, నాన్నగారి పేరో ఉంటుంది. దరఖాస్తులో మీ పేరు కింద ‘కేరాఫ్’ అని ఆ పేరు రాయండి, ఇద్దరి దరఖాస్తుల్లోనూ.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. అపాయింట్‌మెంట్ తేదీ దగ్గర పడ్డవాళ్లు ముందు.